అడిగి వేసుకోవలసిన మాత్ర

శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం దగ్గరపడుతుంటే మన ఊళ్ళ మందుల షాపుల్లో ఒక మాత్రకు గిరాకీ పెరుగుతుంది. నెలసరిని నాలుగు రోజులు వెనక్కి జరపడానికి వేసుకునే మాత్ర అది. అందులో ఉండేది నోరెథిస్టిరాన్ అనే హార్మోను. చీటీ ఉందా అని అడిగే షాపువాళ్ళు తక్కువ. కాళ్ళలో ఎప్పుడైనా రక్తం గడ్డ కట్టిందా, లివర్ జబ్బేమైనా ఉందా అని అడిగేవాళ్ళు ఇంకా తక్కువ. పెళ్ళికైనా, తిరుమల ప్రయాణానికైనా, గృహప్రవేశానికైనా తల్లే కూతురికి తెప్పించి ఇస్తుంది.

ఆ తల్లికే నలభై ఏడో ఏట నెలసరి ఆగిపోతుంది. రాత్రి రెండింటికి ఒళ్ళంతా ఆవిర్లు కమ్మి, జాకెట్టు తడిసి, గుండె దడతో లేచి కూర్చుంటుంది. మళ్ళీ నిద్ర పట్టదు. ఎలాగో డాక్టరు దగ్గరికి వెళితే హార్మోను మాత్ర రాస్తారు. ‘అమ్మో, అది వేసుకుంటే రొమ్ము క్యాన్సర్ వస్తుందట’ అని ఆ చీటీని మడిచి పర్సులో పెట్టేస్తుంది. ఒక హార్మోను మాత్ర విషయంలో అంత ధీమా, మరో హార్మోను మాత్ర విషయంలో ఇంత బెదురు. రెండూ ఒకే ఇంట్లో. ఎవరూ కూర్చోబెట్టి వివరంగా చెప్పకపోవడం వల్లే ఈ రెండూ పుట్టాయి.

పన్నెండు నెలలు వరుసగా నెలసరి రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. పాశ్చాత్య దేశాల్లో అది సగటున 51వ ఏట వస్తుంటే, మన దేశంలో 46, 47 ఏళ్ళకే వస్తోంది. అండాశయాలు ఈస్ట్రోజన్ తయారుచేయడం తగ్గించేయడంతో శరీరం ఆ లోటుకు అలవాటు పడటానికి అవస్థ పడుతుంది. ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి, చిరాకు, కీళ్ళ నొప్పులు, యోనిలో పొడిబారడం, మాటిమాటికీ మూత్రంలో మంట. అందరికీ అన్నీ ఉండవు. కొందరికి ఏమీ ఉండదు. వాళ్ళకు ఏ మాత్రా అక్కర్లేదు. కొందరికి మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. ఎండాకాలం ఉపాధి హామీ పనిలో మట్టి మోసే మనిషికి లోపలి నుంచి ఆవిరి తన్నుకొస్తే, ఎండదెబ్బేమో అనుకుని చెట్టు నీడన కూర్చుని మళ్ళీ తట్ట ఎత్తుకుంటుంది. ఇంట్లో చెబితే ‘వయసు వచ్చాక అందరికీ ఉండేదేలే’ అంటారు. అందరికీ ఉండేదే కావచ్చు. ఒంటరిగా భరించాలని మాత్రం ఎక్కడా లేదు.

క్యాన్సర్ భయం ఊరికే పుట్టింది కాదు. అమెరికాలో 1942 నుంచి ఈస్ట్రోజన్ మాత్ర వాడుకలో ఉంది. 1960లలో దాన్ని నిత్యయవ్వనపు మందుగా ఊదరగొట్టారు. 1975లో దెబ్బ తగిలింది. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే ఆ సంచి లోపలి పొరకు క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుందని తేలింది. అందుకే దానికి తోడుగా ప్రొజెస్టిరాన్ ఇవ్వడం మొదలైంది. ఆ పొర మితిమీరి పెరగకుండా అది కాపు కాస్తుంది. ఆ తర్వాత 2002 జులైలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ఒక భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. పదహారు వేల మందికి పైగా స్త్రీలు అందులో ఉన్నారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ లాంటి కృత్రిమ హార్మోను) కలిపి వాడిన వాళ్ళలో రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, రక్తపు గడ్డలు పెరిగాయన్న వార్త ప్రపంచమంతా పాకింది. లక్షలాది మంది మాత్రలు మానేశారు. ఆ వార్తే చేతులు మారి మన ఇళ్ళలోకి ఇలా వచ్చి చేరింది.

వార్తలో తప్పు లేదు. దాని వెనక ఉన్న వివరాలే మన దాకా రాలేదు. ఆ అధ్యయనంలో చేరిన స్త్రీల సగటు వయసు 63 ఏళ్ళు. అంటే చాలామందికి నెలసరి ఆగి పదేళ్ళకు పైనే అయింది. రొమ్ము క్యాన్సర్ ఎంత పెరిగిందో కూడా చూడాలి. పదివేల మంది ఏడాది పాటు వాడితే, వాడనివారి కంటే ఎనిమిది మందికి ఎక్కువగా వచ్చింది. ఆ ఎనిమిది మందిని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఒక్కొక్కరి వెనకా ఒక ఇల్లు ఉంది. కానీ ‘వేసుకుంటే క్యాన్సర్ వస్తుంది’ అన్న మాటకూ, ‘పదివేల మందిలో ఎనిమిది మందికి ఎక్కువగా వచ్చింది’ అన్న మాటకూ ఉన్న దూరం డాక్టరు విడమరచి చెప్పాలి. గర్భసంచి తీసేసిన స్త్రీలకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన మరో భాగాన్ని పక్షవాతం ముప్పు కనిపించి 2004లో ఆపారు. అందులో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఆ తర్వాత వివరాలను వయసుల వారీగా చూసుకుంటూ వస్తే అరవై ఏళ్ళలోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్ళలోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులైన స్త్రీలలో, లక్షణాలు బాధిస్తున్నవారికి ముప్పు కంటే మేలే ఎక్కువని వైద్యులు ఒక అభిప్రాయానికి వచ్చారు. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల సమాచార పత్రాల్లో ఇరవై ఏళ్ళుగా గడి కట్టి ముద్రిస్తున్న తీవ్ర హెచ్చరికల్లో చాలావాటిని తీసేయాలని నిర్ణయించింది. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడకూడదన్న హెచ్చరికను మాత్రం అలాగే ఉంచింది. అది ఉండాల్సిందే.

భయం తగ్గిందని ధీమా పెరగకూడదు. మాత్ర మొదలుపెట్టే ముందు డాక్టరు బీపీ చూడాలి, బరువు చూడాలి, రొమ్ము పరీక్ష చేయాలి, ఇంట్లో ఎవరికి ఏ జబ్బులున్నాయో అడగాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కాళ్ళలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డ కట్టినవారు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవారు, లివర్ జబ్బుతో ఉన్నవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు ఈ మాత్రల జోలికి పోకూడదు. వీళ్ళలో చాలామందికి హార్మోను లేని మందులు వేరే ఉన్నాయి. ఆవిర్ల కోసమే తయారుచేసిన ఫెజోలినెటాంట్‌కు 2023లో అమెరికాలో అనుమతి దొరికింది. కొన్ని పాత మందులు కూడా తక్కువ మోతాదులో పనిచేస్తాయి. మూర్ఛకు, క్షయకు వాడే కొన్ని మందులు హార్మోను మాత్ర బలాన్ని తగ్గిస్తాయి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళకు దాని మోతాదు పెంచాల్సి రావచ్చు. కనుక ఇంట్లో ఏయే మాత్రలు వేసుకుంటున్నారో ఆ అట్టలన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళడం మంచిది.

మాత్ర ఒక్కటే దారి కాదు. మింగిన ఈస్ట్రోజన్ ముందుగా లివర్ గుండా వెళుతుంది. అక్కడ రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను పెంచుతుంది. అదే మందు జెల్‌గా చర్మానికి రాసుకుంటే, పట్టీగా అంటించుకుంటే నేరుగా రక్తంలోకి చేరుతుంది. మామూలు మోతాదులో గడ్డల ముప్పు పెరగదు. ఒళ్ళు బరువున్నవారికి, షుగరు ఉన్నవారికి, మైగ్రేన్ ఉన్నవారికి డాక్టర్లు ఎక్కువగా దీన్నే ఎంచుకుంటున్నారు. యోని పొడిబారడం, మూత్రంలో మంట మాత్రమే బాధగా ఉంటే ఒళ్ళంతటికీ మందు అక్కర్లేదు. అక్కడ రాసుకునే క్రీము చాలు. అది రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఈ బాధ చెప్పుకోవడానికి సిగ్గుపడి ఏళ్ళ తరబడి మూత్రంలో మంటకు యాంటీబయాటిక్కులు మింగుతున్న పెద్దమ్మలు, అత్తయ్యలు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో!

మొదలుపెట్టాక మొదటి రెండు మూడు నెలలు రొమ్ముల్లో సలపరం, కడుపు ఉబ్బరం, మధ్యమధ్య రక్తం కనిపించడం మామూలే. ఆరు నెలలు దాటాక రక్తం కనిపిస్తే మామూలు కాదు, చూపించుకోవాలి. ఒక కాలు వాచి నొప్పిపెట్టినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. మొదలుపెట్టిన మూడు నెలలకు ఒకసారి, ఆ తర్వాత ఏటా ఒకసారి డాక్టరు చూసి ఇంకా అవసరమా, మోతాదు తగ్గించవచ్చా అని చెప్పాలి. ఒకే చీటీ మీద ఏళ్ళ తరబడి కొనుక్కోవడం, తనకు పనిచేసిందని చెల్లెలికో తోటికోడలికో ఇవ్వడం మానుకోవాలి. గర్భసంచి ఉన్న స్త్రీకి రెండో మాత్ర, అంటే ప్రొజెస్టిరాన్, దండగ ఖర్చు అనిపించి మానేయడం అన్నిటికంటే ప్రమాదం. 1975లో బయటపడింది ఈ సంగతే.

తెలుగు రాష్ట్రాల సంగతి ఇంకొకటి ఉంది. దాన్ని తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. 2015–16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలను గర్భసంచి తీసేయించుకున్నారా అని అడిగారు. దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది అవునన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 8.9, తెలంగాణలో 7.7. దేశ సగటుకు రెండింతలు దాటి. దేశంలో ఆ ఆపరేషన్ జరిగిన వాళ్ళలో సగం మందికి అప్పటికి 34 ఏళ్ళు నిండలేదు. పిల్లలు కలగకుండా ఆపరేషన్ అయిపోయింది, ఇక ఈ సంచి ఎందుకు అన్న మాట మన పల్లెల్లో ఎంతగా నాటుకుపోయిందో! తెల్లబట్ట అవుతోందని, రక్తం ఎక్కువ పోతోందని వెళితే, సంచికి పుండు పడింది, క్యాన్సర్ అవుతుంది, తీసేయాలి అని బెదరగొట్టి పంపిన కథలు ప్రతి మండలంలోనూ వినవచ్చు. అవసరమైనవీ కొన్ని ఉంటాయి. అన్నీ అవసరమైనవి కావు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద దాఖలైన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించే దాకా వచ్చింది పరిస్థితి.

ఈ ఆపరేషన్‌కూ మెనోపాజ్‌కూ సంబంధం ఏమిటన్నది ఆ స్త్రీలలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. గర్భసంచితో పాటు రెండు అండాశయాలనూ తీసేస్తే ఈస్ట్రోజన్ మర్నాటి నుంచే పడిపోతుంది. పదేళ్ళలో మెల్లగా జరగాల్సింది ఒక్క రోజులో జరిగిపోతుంది. ఆవిర్లు తీవ్రంగా ఉంటాయి. ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందే అలిసిపోతాయి. పైగా సంచి లేదు కనుక నెలసరి ఉండదు. నెలసరి ఆగిందని తెలిసే గుర్తే ఆమెకు లేదు. ముప్పై ఆరేళ్ళ మనిషి నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి, నిద్ర పట్టక చిరాకు అంటూ నొప్పి గోళీలు, గ్లూకోజు సీసాలు, నిద్ర మాత్రల చుట్టూ తిరుగుతుంటుంది. ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఒంట్లో సత్తువ లేదు అంటుంది. ఆమె చెప్పేది అక్షరాలా నిజం.

హార్మోను వైద్యం అందరికంటే ముందు అందాల్సింది ఈమెకు. నలభై ఏళ్ళలోపు అండాశయాలు పోయిన స్త్రీలకు, వద్దనడానికి గట్టి కారణం లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు వచ్చేదాకా ఈస్ట్రోజన్ ఇవ్వాలన్నదే ప్రపంచమంతా వైద్యులు చెప్పే మాట. అది ఆమె శరీరంలో ఆ వయసుకు ఉండాల్సిన హార్మోనే. 63 ఏళ్ళ వాళ్ళ లెక్కలు ఆమెకు వర్తించవు. గర్భసంచి లేదు కనుక సాధారణంగా రెండో మాత్ర అవసరం కూడా ఉండదు. వైద్యం ఇంత తేలికగా ఉన్నచోటే అది అందకుండా ఉండటం మన వైద్య వ్యవస్థకు పెద్ద లోపం. ఆపరేషన్‌కు డబ్బు దొరికింది, ఆ తర్వాత ఇరవై ఏళ్ళ సంరక్షణ గురించి అడిగినవారు లేరు.

తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కేంద్రాల సేవల్లో మెనోపాజ్‌కు కూడా చోటిచ్చారు. ఆ ఆలోచన మంచిది. అది ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ పాకాలి. గర్భిణిని వెతుక్కుంటూ ఇంటికి వెళ్ళే ఆశా కార్యకర్త, ఆ ఇంట్లోనే గర్భసంచి తీసేయించుకున్న అత్తనో పిన్నినో కూడా ‘రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అమ్మా’ అని అడిగితే సగం పని జరిగినట్టే.

మన దగ్గర ఆపరేషన్లు చేసే డాక్టర్లకు ఒక విన్నపం. గర్భసంచి తీసేసి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో, అండాశయాలు ఉంచారో తీసేశారో, తీసేస్తే హార్మోను మందు ఎప్పుడు మొదలుపెట్టాలో, దానికోసం ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఆమె చదువుకోగలిగేలా తెలుగులో రాసివ్వండి. ఆ కాగితం ఇప్పటికే ఇంట్లో ఉన్న అక్కచెల్లెళ్ళు దాన్ని వెతికి తీసి, ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరు ముందు పెట్టి, నా అండాశయాలు ఉన్నాయా లేవా అని అడగండి.