రుజువు ఎవరు చెయ్యాలి?

రాత్రి భోజనాల వేళ మా అమ్మ 'కార్తీకదీపం' చూస్తుంటే నేనూ పక్కన కూర్చునేదాన్ని. నల్లటి స్త్రీ కథానాయిక అయిందని మొదట్లో సంతోషించాను. తీరా చూస్తే ఆ నలుపు మేకప్‌తో పూసింది!

2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో ఈ సీరియల్‌ని నడిపించింది భర్త అనుమానమే. తనకు పిల్లలు పుట్టరని నమ్మిన డాక్టరు గర్భవతి అయిన భార్య దీపను శంకించాడు. పిల్లలు అతని బిడ్డలేనని రుజువు కాక ఆమె ఏళ్ల తరబడి కుమిలింది. అనుమానం తీరితే కథ అయిపోతుంది. కథతోబాటు రేటింగూ, ప్రకటనల ఆదాయమూ పోతాయి. 2024లో రిలయన్స్, డిస్నీ వినోద వ్యాపారాలు కలిశాక ఈ ఛానెల్ ఇంకా పెద్ద సంస్థ చేతిలోకి వెళ్లింది.

మరి చట్టం ఏమంటోంది? వివాహబంధంలో పుట్టిన బిడ్డ భర్త బిడ్డే. కాదనేవాళ్లే, ఆ కాలంలో దంపతులు కలిసే అవకాశం లేదని నిరూపించాలి. 1872 నాటి సాక్ష్య చట్టంలోని 112వ సెక్షన్ ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 116వ సెక్షన్‌గా ఉంది. భార్యాభర్తల తగాదాల్లో పిల్లలకు డీఎన్ఏ పరీక్షలు మామూలుగా ఆదేశించరాదని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది.

చట్టం భర్త మీద పెట్టిన భారాన్ని సీరియల్ భార్య నెత్తిన పెట్టింది. ఒకరోజు అమ్మ విసుగ్గా, "ఆ పరీక్షేదో చేయించి పడేస్తే పోదుటే!" అంది. ఇంత చదువుకున్న నేనూ ఔనన్నాను. తర్వాత సిగ్గుపడ్డాను.

దీప ఎప్పుడు గెలుస్తుందా అని అందరం ఎదురుచూశాం. అసలు ఆమె ఎందుకు రుజువు చేసుకోవాలని మాత్రం అడగలేదు. ఇకనైనా అడుగుదాం.