వంక గట్టు ఎవరి సొత్తు?

మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి ఏ వైద్యుడైనా చెప్పే మొదటి మందు నడక. ప్రభుత్వ ఆసుపత్రి ఓ.పి. చీటీల మీద ఆ మాటను నేను దశాబ్దాల పాటు వ్రాశాను. వయోజనులు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ కలిగించే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని భారత వైద్య పరిశోధనా మండలి వారి అధ్యయనం 2023లో తేల్చింది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అయితే ఆదోనిలోని ఒక గృహిణి, ఎమ్మిగనూరులోని ఒక నేతగాడు ఆ 150 నిమిషాలు ఎక్కడ నడవాలో ఎవరూ చెప్పరు. లారీల హారన్ల మధ్య రోడ్డు అంచున నడవాలా? గుంట మగ్గంలో కాళ్లు దించి, నడుము వంచి గంటల తరబడి కూర్చునేవాడికీ, జిన్నింగు మిల్లులో ప్రత్తి ధూళిని పీల్చేవాడికీ పనివేళ తరువాత కాసింత నీడ, కాసింత మంచిగాలి కావాలి. మందు వ్రాసి ఇచ్చి మందుల కొట్టును మూసివేస్తే ఎలా?

ఆ కొట్టు మన ఊళ్లలోనే ఉన్నది. దాని పేరు వంక.

పడమటి కర్నూలు వంకలు విచిత్రమైనవి. ఏడాదిలో అధికభాగం ఎండిపోయి ఉంటాయి. కొండల మీద, నల్లరేగడి మీద గట్టివాన పడిన రోజున ఒక్కసారిగా పొంగుతాయి. ఎండిన రోజుల్లో చూసినవారికి అది ఖాళీ స్థలం. మొదట చెత్త పడుతుంది, ఆపై మట్టి, ఆపై పునాదిరాయి. రెవెన్యూ రికార్డుల్లో వాగు పోరంబోకు అని ఉంటుంది. పోరంబోకు అన్న మాట మన నోళ్లలో తిట్టుగా మారింది గానీ, ఎవరికీ పట్టా లేని, అందరికీ హక్కున్న భూమి అని దాని భావం. తిట్టుగా మారినందువల్లనే కాబోలు, కాజేయడానికి ఎవరికీ సంకోచం కలగడం లేదు.

పది మీటర్లకు మించిన వెడల్పు గల వాగు అంచు నుండి 9 మీటర్ల మేర కట్టడాలు ఉండరాదని రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. 9 మీటర్లంటే దాదాపు 30 అడుగులు. రెండు వరుసల వేపచెట్లకు, వాటి నడుమ నలుగురు పక్కపక్కన నడిచే మట్టిబాటకు అది చాలు. కొత్తగా సెంటు భూమి కొనవలసిన పని లేదు.

దీనికి ఎదురుగా తరచూ వినిపించే వాదం ఒకటున్నది. వంకకు రెండు వైపులా సిమెంటు గోడలు కట్టి, పైన పలకలు పరచి, వాటి మీద కొట్లు వేసి అద్దెకిస్తే ఆదాయమూ వస్తుంది, దోమలూ పోతాయట! దోమల సంగతి వైద్యుడిగా చెబుతాను. డెంగీ వ్యాప్తి చేసే ఏడిస్ దోమకు మురుగుతో పని లేదు. కుళాయి నీరు రోజూ రాని ఊళ్లలో మనం ఇంట్లో నిలువ చేసుకునే డ్రమ్ములు, తొట్లు, కూలర్లు దానికి పుట్టిళ్లు. బోదకాలు వ్యాప్తి చేసే క్యూలెక్స్ మురుగులో పుడుతుంది, పలకల సందుల్లోంచి చక్కగా బయటికి వస్తుంది. పలక కప్పితే దోమ చావదు, మన కంటికి కనిపించకుండా పెరుగుతుంది. పూడిక తీయడానికీ వీలుండదు. మురుగును వంకలోకి రాకుండా మళ్లించడం ఒక్కటే మార్గం. ఆ పని ముందు జరగాలి. మురుగు పక్కన బెంచీలు వేసి ఉద్యానవనం అని పేరు పెడితే అది పరిహాసమే అవుతుంది.

ఇక వరద. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలసి కర్నూలు నగరాన్ని ముంచెత్తిన వైనం మన జిల్లాలో మరచిన వారు లేరు. దానికి నూటొక్క ఏళ్ల ముందు, 1908 సెప్టెంబరు 28న, హైదరాబాదులో మూసీ పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్నది. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నది ఒడ్డున ఉన్న చింతచెట్టు కొమ్మలెక్కి ఆనాడు నూట యాభై మందికి పైగా బ్రతికారని చెబుతారు. ఆ చెట్టు నేటికీ ఉన్నది. వరద తరువాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు ఎగువన జలాశయాలు కట్టమనడంతో ఊరుకోలేదు, నగరంలో నది ఒడ్డులను ఉద్యానాలుగా, విహార మార్గాలుగా మార్చమని కూడా సూచించారు. నీటికి చోటు వదలడం, మనిషికి గాలి ఇవ్వడం రెండు వేర్వేరు పనులు కావని ఆ ఇంజనీరు గ్రహించారు. శతాబ్దం దాటాక మనం పలకలు పరుస్తామంటున్నాం.

మరో వాదం కాస్త మర్యాదైనది. తాగునీటికే కటకట, జనం కూలి కోసం గుంటూరు మిరప చేలకు వలసపోతున్న సీమలో పార్కులు ఎవరికి అని అడుగుతారు. వలస వెళ్లినవారి ఇళ్లలో మిగిలేది ముసలివారూ, పిల్లలూ. వారికే ఇది కావాలి. డబ్బున్నవాడు ట్రెడ్‌మిల్లు కొనుక్కుంటాడు. నేను అడిగేది పచ్చిక తివాచీ, రంగు దీపాల ఫౌంటెను, ప్రవేశ రుసుము, ప్రారంభ శిలాఫలకం కాదు. వేప, కానుగ, చింత, రావి నాటి రెండు మూడు వేసవులు నీరు పోస్తే తరువాత అవే బ్రతుకుతాయి. కంపచెట్లను వేళ్లతో తీయాలి, కోనోకార్పస్ జోలికి పోరాదు. స్త్రీలు తెల్లవారుజామున, చీకటి పడ్డాక కూడా భయం లేకుండా నడిచేలా వీధి దీపాలు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. తలుపూ తాళమూ ఉండరాదు.

ఆక్రమణల తొలగింపు అనగానే గుడిసెల మీదికి యంత్రం పోతుంది, మేడ పక్కన నిలిచిపోతుంది. దీనికి నేను పూర్తిగా వ్యతిరేకిని. పేదవాడికి ముందు ఇంటిస్థలం చూపాలి. మేడవాడికి నోటీసు చాలు.

న్యాయం కూడా మన వైపే ఉన్నది. బెంగళూరులో పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వగా, అది చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆసుపత్రి కూడా ప్రజలకు మేలే కదా అన్న వాదన అక్కడ నిలవలేదు. జీవితమంతా ఆసుపత్రుల్లో గడిపిన నాకు ఆ తీర్పు మీద ఎంతో గౌరవం.

ఎమ్మిగనూరు 1938లోనే మాచాని సోమప్ప గారి నాయకత్వంలో చేనేత సహకార సంఘం పెట్టుకున్న ఊరు. పదిమంది కలసి పని సాధించడం దానికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఆదోనిలో రణమండల కొండ మెట్లెక్కే భక్తులు వేలల్లో ఉన్నారు. ఈ ఆదివారం ఉదయం మీ పేటకు దగ్గరగా ఉన్న వంక వెంట ఒక్కసారి నడచి చూడండి. ఎక్కడ ఇరుకైందో, ఎక్కడ మురుగు కలుస్తోందో సెల్‌ఫోనులో ఫోటోలు తీయండి. తరువాత సమాచార హక్కు చట్టం క్రింద రెండు దరఖాస్తులు పెట్టండి. తహసీల్దారు కార్యాలయాన్ని ఆ సర్వే నెంబరు ఎఫ్.ఎం.బి. పటం, వంక వెడల్పు అడగండి. పురపాలక సంఘాన్ని ఆ హద్దులో ఇచ్చిన భవన అనుమతుల జాబితా అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి మీ వార్డు కౌన్సిలరు గారికి చూపించండి.