ఒక పువ్వు, ఒక కంచె



"బిడ్డల చేతికి సెల్‌ఫోను ఇవ్వాలంటే భయం, లాక్కుంటే ఇంట్లో గొడవ. ఏం చేయాలి?" అని తల్లులు కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. లాక్కోవడం ఒక్కటే మార్గం కాదు. అందులోనే చూడదగినది వెదకి, బిడ్డల పక్కన కూర్చుని కలిసి చూడడం మరో మార్గం. పెద్ద సినిమాకు మూడు గంటలు కావాలి. పొట్టి చిత్రానికైతే రాత్రి భోజనమయ్యాక పది నిమిషాలు చాలు.

ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడగల అటువంటి చిత్రం ఒకటి ఈ నెల పరిచయం చేస్తున్నాం. పేరు ‘నైబర్స్’, అనగా ఇరుగుపొరుగువారు. కెనడా ప్రభుత్వ సంస్థయైన నేషనల్ ఫిల్మ్ బోర్డులో నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీశారు. నిడివి ఎనిమిది నిమిషాలు. మాటలు లేవు గనుక అక్షరం రాని అవ్వకు కూడా అర్థమవుతుంది.

ఇద్దరు పొరుగువారు ఇళ్ల ముందు కుర్చీలు వేసుకుని పేపరు చదువుకుంటుంటారు. ఇద్దరి మధ్య ఒక పువ్వు పూస్తుంది. దాని వాసనకు ఇద్దరూ మురిసిపోతారు. ఆ తరువాత నాదంటే నాదని మొదలై, కంచె వేసుకోవడం, తోసుకోవడం, కొట్టుకోవడం దాకా వస్తుంది. ఆ పెనుగులాటలో పువ్వు కాస్తా వారి కాళ్ల కిందే నలిగిపోతుంది. చివరికి ఇద్దరూ చనిపోతారు. సమాధుల మీద చెరొక పువ్వు మిగులుతుంది. ఆపైన, పొరుగువారిని ప్రేమించమనే మాట పలు భాషల్లో తెరమీద కనబడుతుంది. మనం సండేస్కూలు నాటి నుండి ఎరిగిన మాటే!

బొమ్మలను కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కొక్క ఫొటో తీసినట్టు, ఇందులో మనుషులనే జరుపుతూ తీశారు. అందుకే వారు అడుగు వేయకుండానే పచ్చిక మీద జారిపోతుంటారు. పిల్లలు ఇక్కడ పకపకా నవ్వుతారు. ఆ నవ్వు కాసేపటికి ఆగిపోతుంది.

మెక్‌లారెన్ 1949లో యునెస్కో తరఫున చైనా వెళ్లి, ఆరోగ్య సంగతులు బొమ్మల ద్వారా చెప్పడం అక్కడివారికి నేర్పారు. ఆయన తిరిగి వచ్చాక, 1950లో కొరియా యుద్ధం మొదలైంది. ఆ వేదనలో నుండి పుట్టిన ఈ చిత్రానికి 1953లో ఆస్కార్ బహుమానం వచ్చింది.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. చివరి భాగంలో ఇద్దరూ ఒకరి ఇంటి మీద ఒకరు పడి, భార్యను, చంటిబిడ్డను కూడా కొడతారు. ఒకప్పుడు ఈ భాగాన్ని కత్తిరించి చూపించారు. తరువాత మళ్లీ చేర్చారు. గనుక ముందు మీరు చూడండి. చిన్నపిల్లలకు చూపవద్దు. వారికి అదే దర్శకుని ‘ఎ చెయిరీ టేల్’ (1957) చూపండి. తన మీద కూర్చోనివ్వని కుర్చీ కథ అది. దానికి సితార్ వాయించింది మన రవిశంకర్.

ఇక మా సంగతి. పోయిన వానాకాలం నుండి పక్కింటివారితో మాకు మాటల్లేవు. మా మునగాకు వారి వాకిట్లో రాలుతోందని కొమ్మ కొట్టేశారు. మమ్మల్ని అడగకుండా కొట్టారని మేము ముఖం తిప్పుకున్నాం. చిత్రం అయిపోగానే ఎనిమిదో తరగతి చదివే మా మనవడు, "తాతయ్యా, వీళ్లలో మనం ఎవరం?" అన్నాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

రెండు రోజులు తటపటాయించి, మునక్కాయలు కోసుకుని వెళ్లాం. ఆ ఇల్లాలు అందుకుని, "ఆకు మాత్రం ఇంకా రాలుతూనే ఉందండీ" అన్నారు. నిజమే, చెట్టు మాది కదా! ఇప్పుడు పొద్దున్నే వారి వాకిట్లో ఆకు కూడా మేమే ఊడుస్తున్నాం.

కెనడా ఫిల్మ్ బోర్డు 2009 జనవరి నుండి తన చిత్రాలు అనేకం తన వెబ్‌సైటులో ఉచితంగా చూపుతోంది. వెదికేటప్పుడు చిత్రం పేరుతో పాటు దర్శకుని పేరు కూడా కొట్టండి. ఒక మంచిది దొరికితే, అదే దర్శకుడు తీసినవి మరికొన్ని దొరుకుతాయి. వారానికి ఒక్కటి చాలు. చూడగానే మరొకటి పెట్టక, ఫోను పక్కన పెట్టి బిడ్డలను మాట్లాడనివ్వండి. వారు అడిగే ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోయినా ఫరవాలేదు.

మీ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో మాకు ఉత్తరం రాయండి.