కొబ్బరి పొట్టు మట్టి కాదు: ప్రోట్రే నారుకు నీటి యాజమాన్యంపై ఒక అభిప్రాయం

మిరప సాగు ఖర్చులు లెక్కించేటప్పుడు రైతు కౌలు, ఎరువులు, పురుగుమందులు, కోత కూలి ముందుగా చెబుతాడు. నారు ఖర్చు ఆ పద్దులో ఒక చిన్న వరుస మాత్రమే. అయితే 60 సెంటీమీటర్ల ఎడంతో చదరంగా నాటే ఎకరం పొలంలో పదకొండు వేలకు పైగా మొక్కలు పడతాయి. ఆ మొక్కలన్నీ తమ తొలి ఐదారు వారాలు చిటికెడు మట్టి కూడా లేని చోట, షేడ్‌నెట్ నీడన, కొబ్బరి పొట్టు నింపిన ప్రోట్రే గదుల్లో గడుపుతాయి. పంట బలానికి పునాది పడేది ఆ గదుల్లోనే. ఆ పునాదిపై మన విస్తరణ సాహిత్యం పెట్టిన శ్రద్ధ మాత్రం చాలదన్నది నా అభిప్రాయం.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ ప్రాంతాలలో ఎత్తుమడుల నుంచి ప్రోట్రేలకు మారడం మంచి మార్పే. మడిలో పెంచిన నారును పీకినప్పుడు పీచు వేర్లు తెగుతాయి, మొక్క తేరుకోవడానికి రోజులు పడుతుంది. ప్రోట్రే నారు వేరు ముద్ద చెదరకుండా పొలానికి చేరుతుంది. మట్టి ద్వారా సంక్రమించే ఎండు తెగులు, నులిపురుగుల బెడద తగ్గుతుంది. ఖరీదైన సంకర విత్తనం ప్రతి గింజా లెక్కకు వస్తుంది. కనుక వెనక్కి మడులకు పోవాలని నేను చెప్పడం లేదు. మాధ్యమం మారింది గాని నీరు పెట్టే అలవాటు మారలేదన్నదే నా ఫిర్యాదు. మట్టికి పెట్టినట్లే కొబ్బరి పొట్టుకూ నీరు పెడుతున్నాము. చిక్కు అక్కడ మొదలవుతున్నది.

మొదటి తేడా నీటిని పట్టి ఉంచే తీరులో ఉంది. ఎండిన కొబ్బరి పొట్టు తన బరువుకు ఏడెనిమిది రెట్ల నీటిని పీల్చుకోగలదు. ఇది దాని గొప్ప గుణం, అదే దాని ప్రమాదం కూడా. 98 గదుల ప్రోట్రేలో ఒక్కొక్క గది లోతు నాలుగైదు సెంటీమీటర్లకు మించదు. ఇంత పొట్టి పాత్రలో, అడుగున రంధ్రం ఉన్నప్పటికీ, నీరు పూర్తిగా కారిపోదు. అడుగు భాగంలో తడి పొర ఒకటి నిలిచే ఉంటుంది. పైపొర మాత్రం గాలికి ఆరి లేత గోధుమ రంగుకు మారుతుంది. మట్టి మడికి అలవాటు పడిన కన్ను ఆ రంగు చూసి నారు దప్పిగొన్నదని భ్రమపడుతుంది. మళ్ళీ నీరు పడుతుంది. అడుగున వేరుకు గాలి అందదు.

మొలక దశలో ఇది ప్రాణాంతకం. నారుకుళ్ళు తెగులును కలిగించే పిథియం శిలీంధ్రం సిద్ధబీజాలు నీటి పొరలో ఈదుతూ వ్యాపిస్తాయి. కాండం మొదలు నీరు కారినట్లు మెత్తబడి, మొలకలు గుంపులు గుంపులుగా ఒరిగిపోతాయి. వెంటనే కాపర్ ఆక్సీక్లోరైడ్ తెచ్చి పోస్తారు. మందు అవసరమే గాని, తెగులుకు పరుపు పరిచిన నీటిని ఆపనంత కాలం ఆ మందు సగం పనే చేస్తుంది. మిరప నారు పోసే జూలై, ఆగస్టు నెలల్లో ఆకాశం మబ్బుపట్టి, గాలిలో తేమ అధికంగా ఉంటుంది. ఆ రోజుల్లో కూడా గడియారం చూసి ఉదయం సాయంత్రం నీరు పెట్టడం నారును మనమే ముంచడమవుతుంది.

దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. పైపొర రంగును గాక ట్రే బరువును నమ్మాలి. బాగా తడిపి, కారిన నీరు ఆగిన తర్వాత ట్రేను ఒకసారి ఎత్తి చూడాలి. మరునాడు మళ్ళీ ఎత్తి చూడాలి. బరువు స్పష్టంగా తగ్గినప్పుడే తిరిగి తడపాలి. తడిపినప్పుడు అడుగు రంధ్రాల నుంచి కొద్దిగా నీరు కారేంత నిండుగా, సన్నని రంధ్రాల రోజ్‌క్యాన్‌తో తడపాలి. పైపైన చిలకరించి వదలరాదు. బీజదళాలు విచ్చుకునే వరకు పొట్టు చెమ్మగా ఉంటే చాలు, ఊరకూడదు. వీలైనంత వరకు ఉదయమే నీరు పెట్టాలి. సాయంత్రం తడిపితే రాత్రంతా ఆకు తడిగానే ఉంటుంది. బల్ల అంచున ఉన్న ట్రేలు నడిమి వాటికంటే ముందుగా ఆరుతాయి కాబట్టి అంచులకు వేరుగా, నడిమి వాటికి వేరుగా చూసి పెట్టాలి. అలాగని పూర్తిగా ఎండనివ్వడమూ తగదు. అతిగా ఎండిన పొట్టు కుంచించుకొని గది గోడ నుంచి విడివడుతుంది. తర్వాత పోసిన నీరు ఆ సందులోంచి జారిపోతుంది.

రెండవ తేడా కంటికి కనపడనిది. కొబ్బరి పీచును ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టే చోట్ల, సముద్ర తీరపు తోటల కాయల నుంచి తీసే చోట్ల, పొట్టులో సోడియం, పొటాషియం, క్లోరైడ్ లవణాలు అధికంగా చేరతాయి. వీటిలో ఉచితంగా ఉన్న లవణాలు మంచినీటితో కడిగితే పోతాయి. కాని పొట్టు రేణువుల ఉపరితలానికి అంటిపెట్టుకున్న సోడియం, పొటాషియం అయాన్లు కేవలం నీటితో వదలవు. మనం ఎరువుగా ఇచ్చే కాల్షియం, మెగ్నీషియంలను పొట్టు తాను పట్టుకొని, తనలోని సోడియం, పొటాషియంలను విడుదల చేస్తుంది. మొక్కకు కాల్షియం అందక లేత ఆకులు ముడుచుకుంటాయి, అంచులు మాడుతాయి. ఆకు ముడుచుకోగానే రైతు మనసు తామర పురుగు మీదకు, జెమిని వైరస్ మీదకు పోవడం సహజం. 2021 తర్వాత నల్ల తామర పురుగు చేసిన విధ్వంసం చూసిన వారిని తప్పుపట్టలేము. అయితే పురుగు కనపడని నారులో ముడుత కనిపిస్తే, మందు కొనే ముందు పొట్టును పరీక్షించడం చౌక.

మిరప లవణాలకు ఓర్చుకునే పంట కాదు. మాస్, హాఫ్‌మన్ శాస్త్రవేత్తలు 1977లో ప్రకటించిన పట్టిక ప్రకారం నేల సంతృప్త ద్రావణపు లవణ సాంద్రత మీటరుకు 1.5 డెసిసైమన్స్ దాటగానే మిరప దిగుబడి తగ్గడం మొదలవుతుంది. ఆపై పెరిగే ఒక్కొక్క యూనిట్‌కు సుమారు 14 శాతం చొప్పున పడిపోతుంది. ఇది ఎదిగిన పంటకు చెప్పిన లెక్క. రెండాకుల నారు అంతకంటే సున్నితమైనదని వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే నీటికీ లవణానికీ ముడి పడుతుంది. నాటడానికి వారం ముందు నీరు తగ్గించి నారును గట్టిపరచమని మనమే సిఫారసు చేస్తాము. అది సరైన సిఫారసే. కాని గదిలోని నీరు సగానికి తగ్గితే, అందులో కరిగి ఉన్న లవణాల గాఢత దాదాపు రెట్టింపవుతుంది. శుద్ధి చేయని పొట్టులో పెరిగిన నారుకు గట్టిపరచడం అనేది శిక్షణ కాదు, శిక్ష. బోరు నీరే ఉప్పగా ఉన్న ప్రాంతాలలో ఈ శిక్ష రెండింతలు. ఆ నీటిలో బైకార్బొనేట్లు కూడా ఎక్కువైతే మాధ్యమపు ఉదజని సూచిక 5.5–6.5 మధ్య నిలవక పైకి పోతుంది, ఇనుము అందక లేత ఆకులు ఈనెలు మినహా పసుపుబారతాయి.

శుద్ధి విధానం కష్టమైనది కాదు. పొట్టు దిమ్మెను మంచినీటిలో విడదీసి, కారే నీటి లవణ సాంద్రత లోనికి పోసిన నీటికి దగ్గరయ్యే వరకు కడగాలి. తర్వాత లీటరు నీటికి సుమారు 2 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన ద్రావణంలో ఒక రాత్రి నానబెట్టి, మరల కడిగి వాడాలి. పొట్టులో సహజ పోషకాలు నామమాత్రం కనుక తొలి నిజ ఆకులు వచ్చినది మొదలు పలుచని పోషక ద్రావణం అందించాలి. 19:19:19, కాల్షియం నైట్రేట్‌లను ఒకే గాఢ ద్రావణంగా కలిపితే కాల్షియం ఫాస్ఫేట్ అవక్షేపంగా దిగిపోతుంది కాబట్టి వేర్వేరు రోజుల్లో ఇవ్వాలి.

నర్సరీ యజమానుల అభ్యంతరం నాకు తెలుసు. నారు ధర విషయంలో పోటీ తీవ్రంగా ఉన్నదని, కడిగిన పొట్టు ఖరీదు ఎక్కువని, కడగడానికి నీరూ మనుషులూ కావాలని అంటారు. ఈ మాటలో న్యాయం ఉంది. కాని ఖర్చు తప్పలేదు, చేతులు మారింది అంతే. నర్సరీలో మిగిలిన రూపాయిని పొలంలో చనిపోయిన మొక్కల చోట తిరిగి నాటే కూలీగా, ముడుత కోసం కొట్టిన అనవసరపు మందుగా రైతు చెల్లిస్తున్నాడు. నారు నర్సరీ గేటు దాటిన తర్వాత బలహీనత ఎవరిదో నిరూపించడం రైతుకు సాధ్యం కాదు.

కనుక నా సూచనలు నాలుగు. మొదటిది, అమ్మకానికి వచ్చే ప్రతి కొబ్బరి పొట్టు దిమ్మె పైనా లవణ సాంద్రత, ఉదజని సూచిక, కడిగినదా, కాల్షియంతో శుద్ధి చేసినదా అన్న వివరం ముద్రించి ఉండాలి. రెండవది, ఉద్యాన నర్సరీల నమోదుకు ఉమ్మడి రాష్ట్రంలోనే 2010లో చట్టం వచ్చింది. ఆ నమోదు, పునరుద్ధరణల సమయంలో నర్సరీ వాడే నీటి పరీక్ష, మాధ్యమ పరీక్ష తప్పనిసరి కావాలి. మూడవది, భూసార పరీక్షా కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు మట్టితో పాటు పొట్టు నమూనాలను కూడా స్వీకరించాలి. కొలిచే పరికరం వాటి వద్ద ఉన్నదే.

నాల్గవది అన్నిటికంటే ముఖ్యమైనది. నర్సరీలలో నీరు పెట్టేది ఎక్కువగా మహిళా కూలీలు. ఎప్పుడు పెట్టాలో, ఎంత పెట్టాలో నిర్ణయించేది ఆచరణలో వారి చేయే. మన శిక్షణా శిబిరాల కుర్చీలలో మాత్రం యజమానులే కూర్చుంటున్నారు. లక్షల మొక్కల బాగోగులు చూసే మనిషికి ట్రే ఎత్తి బరువు చూడడం, అడుగున వేరు తెల్లగా ఉందా గోధుమ రంగుకు తిరిగిందా గమనించడం ఎవరూ నేర్పలేదు. వారికి ఒక పూట శిక్షణ ఇచ్చి, ఆ నైపుణ్యానికి తగిన కూలి కట్టిస్తే, నర్సరీలకు మనం ఇచ్చే ఏ రాయితీ కంటే అది తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిస్తుంది.

రైతు సోదరులకు ఒక్క మాట. నారు కొనేటప్పుడు ఆకు పచ్చదనం ఒక్కటే చూడవద్దు. ఒక మొక్కను గది నుంచి తీయించి వేరు ముద్ద చూడండి. వేర్లు తెల్లగా, ముద్ద అంతటా అల్లుకొని ఉండాలి. ఏ పొట్టు వాడారో, ఏ నీరు పెట్టారో అడగండి. నాటేటప్పుడు ముద్ద పైభాగం మట్టితో కప్పబడేలా చూసి వెంటనే తడి ఇవ్వండి. లేదంటే నల్లరేగడి ఆ ముద్దలోని తడిని తనవైపు లాగేసుకుంటుంది. అడిగే రైతులు పెరిగితే, చెప్పగలిగే నర్సరీలు కూడా పెరుగుతాయి.