సీమ ఆడదానికి రెండే వేషాలా?

మన తెలుగు సినిమాకు రాయలసీమ ఆడది కనపడదు. కనపడినా రెండే వేషాలు. ఒకటి, తెల్లచీర కట్టుకుని పగ తీర్చుకోమని కొడుకును ఉసిగొల్పే తల్లి. రెండోది, ఎవరో వచ్చి కాపాడితే తప్ప ఊరు దాటలేని పిల్ల. మూడోది ఎవరైనా చూపిస్తే సంతోషిస్తా.

1999లో సమరసింహారెడ్డి, 2002లో ఆది, ఇంద్ర... వరసబెట్టి వచ్చాయి. సుమోలు గాల్లోకి లేచాయి, తొడలు మోగాయి. 2003లో వచ్చిన ఒక్కడు నాకిప్పటికీ ఇష్టమే, టీవీలో వస్తే పని ఆపుకుని కూర్చుంటా. కానీ అందులోనూ కర్నూలు పిల్లను కాపాడాలంటే హైదరాబాదు నుంచి కబడ్డీ ఆడే అబ్బాయి రావాల్సిందే!

"ఫ్యాక్షన్ జరగలేదా ఏంది?" అంటారు. జరిగింది, కాదనేదెవరు? మగోళ్లు పోయిన ఇండ్లలో సేద్యం ఎవరు చేసినారు? కోర్టు వాయిదాలకు ఎవరు తిరిగినారు? పిల్లోళ్లకు పగ అంటకుండా దూరంగా హాస్టల్లో వేసి చదివించినదెవరు? అసలు కథ అక్కడుంది. సినిమాలో మాత్రం తండ్రి శవం లేచిన మరుక్షణం కొడుకు మీసాలతో ప్రత్యక్షమవుతాడు. మధ్యలో మాయమైన ఆ పదిహేనేళ్లూ ఆ తల్లివి. వాటికి ఒక్క రీలు కూడా దక్కదు.

2018లో అరవింద సమేత వీర రాఘవ కొంత నయం. ఆడవాళ్ల మాట వింటే నెత్తురు ఆగుతుందని గట్టిగానే చెప్పింది. మన 'జేజి' అనే పిలుపు తెరమీద వినిపిస్తే ప్రాణం లేచొచ్చింది. అయినా ఆ ఒక్క మాట వినాలంటే ఎన్ని తలలు తెగడం చూడాలో!

సినిమా సరదాకేగా, ఇంత రభస ఎందుకంటారా? పైచదువులకు పోయిన మన ఆడపిల్లల్ని "మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని అడుగుతారు చూడండి, అందుకు. మన యాస విలన్‌కో, నవ్వించేవాడికో తప్ప హీరోయిన్ నోటికి రాదు చూడండి, అందుకు.

ఇంకో సంగతి మర్చిపోకండి. మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి మన తాడిపత్రి ఆయన. 1951లో మల్లీశ్వరి తీసిన బి.ఎన్.రెడ్డి కడప జిల్లా ఆయన. రాజుగారి పల్లకీ వచ్చి గుమ్మంలో ఆగితే ఊరంతా అదృష్టమనుకుంటుంది. ఆ పిల్ల మనసులో ఏముందో అడిగినవాళ్లు లేరు. ఆ అడగని ప్రశ్న మీదే సినిమా అంతా నిలబడింది. ఇలాంటి సినిమా ఇచ్చిన సీమకు ఇప్పుడు మిగిలింది వేటకొడవలా?

సీరియళ్లు ఇంకొక తీరు. పడుకునేటప్పుడు కూడా పట్టుచీర నలగదు. ఆ చీర నేసే ధర్మవరం మగ్గం ఇల్లు మాత్రం ఏ సీరియల్లోనూ కథ కాదు. కార్తీకదీపంలో వంటలక్క తన వంట మీద తాను బతుకుతుంటే మనమంతా మురిసిపోయాం. కానీ అంత గట్టిమనిషి కూడా ఏళ్లతరబడి మొగుడి అనుమానం తీర్చడానికే కన్నీళ్లు పెట్టాలా?

మా కదిరి చుట్టుపక్కల చూడండి. వాన రాక చెనిక్కాయ చేను ఎండిపోతే అప్పు ఎట్లా తీర్చాలో లెక్క వేసేది ఆడది. మొగుడు బెంగళూరుకు కూలికి పోతే ముసలోళ్లను, ఆవుల్ని, పిల్లల చదువుల్ని ఒంటిచేత్తో మోసేది ఆడది. సింగమనేని నారాయణ లాంటి మన అనంతపురం రచయితలు కరువు కథలు ఎప్పుడో రాసిపెట్టారు. కథలు లేవనడానికి వీల్లేదు. తీసేవాళ్లకు మనసు లేదంతే.

రేటింగులు మన చేతిలోని రిమోట్‌తోనే వస్తాయి కదమ్మా. ఈసారి వేటకొడవలి సినిమా వస్తే ఛానెల్ మార్చండి. మీ జేజి, మీ అమ్మ కరువు ఏళ్లలో ఇల్లు ఎట్లా నడిపిందో పిల్లలకు చెప్పండి, చేతనైతే రాసిపెట్టండి. రేపు సినిమా తీసే పిల్ల మన ఇంట్లో నుంచే రావచ్చు. ఆ పిల్లకు మన కథ తెలిసి ఉండాలి.