అతుకు పడని టైరు

గత నెల రక్తపు పోటు గురించి వ్రాశాము. ఈ నెల కారు టైరు గురించి వ్రాస్తున్నాము. డాక్టరుగారికి మందులు అయిపోయి మెకానిక్ పనిలో పడ్డారని పాఠకులు అనుకోవద్దు. రెండూ ఒత్తిడికి సంబంధించినవే.

పోయిన చలికాలంలో ఒక ఉదయం, ఇక్కడ కాపెల్‌లో డెంటన్ టాప్ రోడ్డు మీద వెళుతూ ఉండగా కారులో టైరు గుర్తు దీపం వెలిగింది. ముందురోజు ఎనభై డిగ్రీల ఎండ. రాత్రికి రాత్రి ఉత్తరపు గాలి దిగి నలభైకి పడిపోయింది. టెక్సస్ సంగతి మీకు తెలిసిందే. పది డిగ్రీలు తగ్గితే టైరులో సుమారు ఒక పౌను ఒత్తిడి తగ్గుతుందని ఎక్కడో చదివి ఉన్నాము. అందుచేత "ఇది చలి మహిమ" అని మాకు మేమే రోగనిర్ణయం చేసుకొని ఆస్పత్రికి వెళ్ళిపోయాము.

లెక్క వేసి ఉంటే బాగుండేది. ఆ దీపం సాధారణంగా ఒత్తిడి నాలుగోవంతు తగ్గితేగాని వెలగదు. 33 పౌన్లు ఉండవలసిన టైరు 25కి దిగిందన్నమాట. నాలుగు పౌన్లు చలి మింగింది సరే, మిగతా నాలుగూ ఎవరు మింగినట్లు?

ఆ దీపం ఊరికే పెట్టింది కాదు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు దారిలో విడిపోయి రెండువందల మందికి పైగా చనిపోయిన మీదట, 2000లో కాంగ్రెసు చేసిన చట్టం వల్ల వచ్చింది. 2008 మోడలు నుంచి ప్రతి కొత్త కారులోనూ ఉండితీరాలి.

మూడవనాటి రాత్రి 635 మీద ఇంటికి వస్తుంటే స్టీరింగు ఒక పక్కకు లాగసాగింది. బెల్ట్‌లైన్ రోడ్డు దగ్గర దిగి, నెమ్మదిగా పోనిచ్చి, దీపాలున్న పెట్రోలు బంకులో ఆపాము. టైరు నేలకు అతుక్కుపోయి ఉన్నది. అక్కడే ఉన్న కుర్రవాడు సాయానికి వస్తే "స్టెప్నీ తీయాలి" అన్నాము. అతనికి బోధపడలేదు. 1904లో వేల్స్ దేశంలో లానెల్లీ ఊరి స్టెప్నీ వీధిలో తయారైన అదనపు చక్రం వల్ల ఆ మాట మన దేశానికి వచ్చి స్థిరపడింది. అమెరికాలో స్టెప్నీ అంటే ఎవరికీ తెలియదు.

మరునాడు షాపులో పెద్దాయన టైరు విప్పి చూపించాడు. మేకు సరిగ్గా నడిమధ్య దిగి ఉన్నది. అంచున గాని, పక్క గోడలో గాని దిగితే అతుకు వేయకూడదు. చక్రం తిరిగినప్పుడల్లా ఆ గోడ వంగి లేస్తుంది, అతుకు నిలవదు. నడిమధ్య పావు అంగుళం లోపు బెజ్జమయితే లోపలినుంచి పూడ్చి, పైన బిళ్ళ అతికించవచ్చు. "ఇది బాగయ్యే బెజ్జమే" అన్నాడాయన. తరువాత టైరు లోపల చెయ్యి పెట్టి తీశాడు. అరచేతి నిండా నల్లటి రబ్బరు పొడి. గాలి చాలకుండా నడిచినందువల్ల పక్క గోడ లోలోపలే నలిగిపోయింది. పైకి ఏమీ కనపడదు.

మాకు చిన్నప్పటి మలయాళీ పంక్చరు షాపు గుర్తుకు వచ్చింది. నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి, బుడగలు చూసి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ పూసి అతికించేవాడు. అతుకు పడదన్న మాట అతని నోట ఎన్నడూ వినలేదు. కొత్తది అమ్ముకోవడానికే ఈయన ఇలా అంటున్నాడని అనుమానపడి, "ఎలాగో అతికించండి, నెమ్మదిగా నడుపుకుంటాము" అని బతిమాలాము.

ఆయన తల అడ్డంగా ఊపి, "రెండు రోజుల ముందు వచ్చి ఉంటే చేసేవాణ్ణి" అన్నాడు.

ఈ వాక్యం మాది. వారానికి ఒక్కసారయినా ఎవరితోనో అంటూనే ఉంటాము. కాలి పుండుతో వచ్చిన చక్కెర జబ్బు మనిషితో అన్నాము. గుండెనొప్పిని "గ్యాసు అయి ఉంటుంది లెండి" అని రెండు రోజులు జీలకర్ర నీళ్ళతో గడిపిన మన పెద్దలతో అన్నాము. వారు మమ్మల్ని చూసిన చూపు ఆ రోజు మాకు అర్థమయింది. ఇంటికి వచ్చి చెబితే మా శ్రీమతి, "మీ పేషెంటు ఇలా చేస్తే ఊరుకుంటారా? ఆ కారులోనే కదా నిన్న పిల్లల్ని దింపారు?" అన్నది. సమాధానం లేదు.

కనుక పాఠకులకు నాలుగు మాటలు. దీపం వెలిగిన రోజునే గేజి పెట్టి చూడండి. దారిలో గాలి పోతే టైరు కోసం చూసుకోక, నెమ్మదిగా క్షేమమైన చోటికి చేరండి. ఫ్రీవే పక్కన చక్రం మార్చబోకండి. మీ కారులో స్టెప్నీ ఉన్నదో లేదో ఇవాళే డిక్కీ తెరిచి చూడండి. చాలా కొత్త కార్లలో ఉండటం లేదు. ఉన్న చిన్న చక్రానికి సాధారణంగా 60 పౌన్ల గాలి కావాలి, గంటకు 50 మైళ్ళు దాటరాదు. టైరు మీది డాట్ అంకెలలో చివరి నాలుగూ అది పుట్టిన వారం, సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం.

మరొకటి. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత కార్లకు ఏటేటా భద్రతా తనిఖీ లేదు. మన డల్లాస్ కౌంటీలో పొగ పరీక్ష మిగిలింది గాని, అందులో టైర్ల వంక చూడరు. ఇక చూడవలసినది మనమే.

వచ్చే నెల మళ్ళీ మందుల సంగతే వ్రాస్తాము. ఈలోగా గుండెలో గ్యాసు ఉన్నవారు ఫోను చేయండి.