గోల మంచిదే... గదిలో మనుషులుంటే!

పండక్కి పిల్లలంతా ఒకచోట చేరారంటే ఇదివరకు అష్టాచమ్మా గవ్వలు, వైకుంఠపాళి పటం బయటికొచ్చేవి. ఇప్పుడు వాటి పక్కన టీవీకి తగిలించిన గేమ్ కన్సోలో, చేతికొక ఫోనో చేరింది. తెర మీద గుమ్మటాల్లాంటి బొమ్మలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పడిపోతుంటాయి. ఇంకో ఆటలో వంటగది అంటుకుంటుంది. హాల్లో కేకలు, నవ్వులు, ఒకరి మీద ఒకరికి ఫిర్యాదులు. ‘ఏమిటర్రా ఈ గోల’ అని విసుక్కునే పెద్దలుంటారు. ‘పోన్లెండి, అందరూ కలిసి ఆడుకుంటున్నారు కదా’ అని సరిపెట్టుకునేవారూ ఉంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో తేల్చుకోవాల్సింది మాత్రం మీరే.

వీటిని పార్టీ గేమ్స్ అంటున్నారు. 1998లో నింటెండో సంస్థ జపాన్‌లో విడుదల చేసిన మారియో పార్టీ ఈ తరహా ఆటలకు పెద్ద గుర్తింపు తెచ్చింది. నలుగురు పాచిక వేసి గళ్ల వెంట నడవడం, మధ్యమధ్య నిమిషంలో తేలిపోయే చిన్న పోటీలు... ఇదీ దాని పద్ధతి. 2016లో వచ్చిన ఓవర్‌కుక్డ్‌లో నలుగురూ ఒకే వంటగదిలో కూరలు తరగాలి, వండాలి, గిన్నెలు కడగాలి. ఈలోగా ఆ వంటగదే రెండు ముక్కలై విడిపోతుంది. 2018లో వచ్చిన అమాంగ్ అస్ 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఒక్కసారిగా ఊపందుకుంది. తమలో దాగిన దొంగ ఎవరో మిగతావారు మాటలతో తేల్చుకుని, ఓటేసి బయటికి పంపే ఆట అది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన ఫాల్ గైస్‌లోనైతే ఒకేసారి 60 మంది పరుగెత్తి, జారి, పడి, లేచేవారు.

పేర్లు కొత్తగా ఉన్నా లోపలి కిటుకు మనకు తెలియనిదేమీ కాదు. వైకుంఠపాళిలో తాతయ్యా ఏడేళ్ల మనవడూ సమానమే. పెద్ద పామును తప్పించుకోవడానికి తెలివితేటలు పనికిరావు, గవ్వలు కరుణించాలి. పార్టీ గేమ్స్ కూడా అదృష్టాన్నీ గందరగోళాన్నీ కావాలనే కలిపి పెడతాయి. అందువల్ల బాగా ఆడేవాడు ప్రతిసారీ గెలవడు. కొత్తగా కూర్చున్న పిన్ని కూడా ఒక్కోసారి గెలిచేస్తుంది. ఓటమికి నెపం వేయడానికి ఆటలోని గోల ఉంది కాబట్టి ఓడినవారికి చిన్నతనం అనిపించదు. అమాంగ్ అస్ అయితే రాజు, మంత్రి, దొంగ, పోలీసు చీటీల ఆటకు చిన్న చెల్లెలే.

ఆరోగ్యం కోణంలో ఈ ఆటల అసలు బలం నవ్వు. మనిషి ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ గమనించారు. కలిసి పగలబడి నవ్విన తర్వాత నొప్పిని ఓర్చుకునే శక్తి పెరుగుతున్నట్టు ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రాబిన్ డన్‌బార్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. స్నేహితులతో కలిసి నవ్వినప్పుడు మెదడులో సహజమైన నొప్పి నివారక రసాయనాలు విడుదలవుతున్నట్టు ఫిన్లాండ్‌లోని తుర్కు పరిశోధకులు 2017లో స్కానింగ్ ద్వారా చూపారు. అయితే ఒక సంగతి మరవకండి. ఈ పరిశోధనలు నవ్వు గురించి చేసినవి, వీడియో గేమ్స్ గురించి కాదు. నవ్వించడం వరకే ఆట పని. మేలు చేసేది పక్కన కూర్చున్న మనిషితో పంచుకున్న నవ్వు.

మరి ఎంతసేపు ఆడితే చెడు? దీనికి గంటల్లో జవాబు చెప్పడం కష్టం. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులే 2022లో దాదాపు 39,000 మంది వయోజన ఆటగాళ్లను ఆరు వారాలపాటు గమనించారు. ఆడిన సమయానికీ మానసిక క్షేమానికీ మధ్య చెప్పుకోదగ్గ ప్రభావమేదీ కనిపించలేదు. ‘ఆడాలనిపించి’ ఆడుతున్నారా, ‘ఆడకుండా ఉండలేక’ ఆడుతున్నారా అన్నదే తేడా చూపింది. కాబట్టి గడియారంతోపాటు పిల్లల ముఖాన్నీ చూడండి.

ఇక్కడి నుంచి పరిమితులు మొదలవుతాయి. మొదటిది శరీరం. మారియో పార్టీ తొలి ఆటలో కొన్ని పోటీలకు కంట్రోలర్ మీది పుల్లను వేగంగా గుండ్రంగా తిప్పాలి. చాలామంది పిల్లలు బొటనవేలు వదిలేసి అరచేత్తో తిప్పారు. చేతులు బొబ్బలెక్కాయి, చర్మం గీరుకుపోయింది. ఫిర్యాదులు రావడంతో 2000లో న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయంతో కుదిరిన ఒప్పందం ప్రకారం నింటెండో చేతి తొడుగులు ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. ఆటలో మునిగిన పిల్లలకు తమ చెయ్యి మండుతోందన్న సంగతే తెలియలేదన్నమాట. ఇప్పటి ఆటల్లో ఆ పుల్ల తిప్పుడు తగ్గినా ఆ మైమరపు తగ్గలేదు. రెప్ప వేయడం తగ్గి కళ్లు పొడిబారతాయి, బొటనవేలు, మణికట్టు, మెడ పట్టేస్తాయి. మెరుపుల్లాంటి వెలుగులకు మూర్ఛ వచ్చే స్వభావం ఉన్న పిల్లలైతే వైద్యుల సలహా లేకుండా ఇలాంటి ఆటలకు కూర్చోకూడదు.

రెండోది ముగింపు లేకపోవడం. చీటీల ఆటలో ఒకరికి నిద్రొస్తే ఆట ఆగిపోతుంది. గవ్వలాట అమ్మ అన్నానికి పిలిస్తే ఆగిపోతుంది. ఆన్‌లైన్ ఆటలో ఒకరు లేస్తే ఆ చోటులోకి ప్రపంచంలో ఎక్కడినుంచో ఇంకొకరు వచ్చి చేరతారు. ఒక్కో ఆట కొద్ది నిమిషాలే కాబట్టి ‘ఇంకొక్కటి’ అనడం తేలిక. అలా పది ఒక్కట్లు కలిస్తే అర్ధరాత్రి అవుతుంది. గదిలో నలుగురు ఆడితే కలివిడిగా ఉండే ఆటే దుప్పటి కింద, చెవుల్లో హెడ్‌సెట్‌తో, ముఖం తెలియని వాళ్ల మధ్య ఆడితే వేరే ఆట అయిపోతుంది. నవ్వు తగ్గుతుంది, గెలవాలన్న పంతం మిగులుతుంది.

మూడోది అపరిచితులు, డబ్బు. ఫోర్ట్‌నైట్ ఆటలో పిల్లలకు సైతం అపరిచితులతో మాటలు ముందే ఆన్ చేసి ఉంచారని, అనుకోకుండా కొనుగోళ్లు జరిగేలా బటన్లు అమర్చారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. దాన్ని నడిపే ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో మొత్తం 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఫాల్ గైస్ ఇప్పుడు ఆ సంస్థ చేతిలోనే ఉంది. ‘ఉచితం’ అని రాసి ఉన్న ఆటలో బొమ్మకు కొత్త చొక్కా, టోపీ అమ్ముతుంటారు. ఆ చొక్కా లేని పిల్లవాడు తరగతిలో చిన్నబోతాడు.

నాలుగోది అన్నిటికంటే సున్నితమైనది. ఆ గోలలో నవ్వుతున్నది ఎవరు? ఎవరిని చూసి? ప్రతిసారీ ఓటేసి బయటికి పంపుతున్నది ఒక్క పిల్లనే అయితే, ఓవర్‌కుక్డ్‌లో అన్నయ్య తిట్లన్నీ తమ్ముడికే అయితే, అది ఆట రూపంలో ఉన్న వేధింపే. పెద్ద శబ్దాలు, కేకలు తట్టుకోలేని పిల్లలకు ఈ సందడి హింసే తప్ప సరదా కాదు. అలాంటివారిని ‘అందరూ ఆడుతుంటే నీకేం’ అని బలవంతం చేయకండి. ఓడినవాళ్లు కూడా నవ్వుతున్నారా అన్నదే మంచి ఆటకు గీటురాయి.

ఇంకో భ్రమ కూడా వదులుకోవాలి. గంటసేపు పిల్లలతో ఆడాం కాబట్టి వాళ్లతో గడిపేశాం అనుకుంటాం. ఆ గంటలో వాళ్లు ‘తోయ్’, ‘పట్టుకో’, ‘ఉల్లిపాయ ఇవ్వు’ అని తప్ప మరేమీ చెప్పి ఉండరు. బడిలో ఎవరితో గొడవైందో, లెక్కల పరీక్ష ఎందుకు భయపెడుతోందో ఆట అడగదు. ఆట వల్ల మనసు తేలికైన ఆ పది నిమిషాల్లో, తెర ఆపి, మీరే అడగాలి. ఆట తలుపు తెరిచి పెడుతుంది, లోపలికి నడవాల్సింది మీరు. అలాగే సోఫాలో ఎగిరి గంతులేసినా అది వ్యాయామం లెక్కలోకి రాదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ఎక్కడికీ పోలేదు. అయిదేళ్లలోపు పిల్లలను ఈ ఆటలకు దూరంగానే ఉంచండి. రెండు నుంచి నాలుగేళ్లవారికి మొత్తం తెర సమయమే గంట మించకూడదని అదే సంస్థ చెబుతోంది.

కాబట్టి నిషేధాలు పెట్టనక్కర్లేదు, పద్ధతి పెట్టండి. ఆట మొదలుకాక ముందే ఎన్ని ఆటలో అనుకోండి. మధ్యలో ఆపమంటే గొడవ అవుతుంది, ముందే లెక్క చెబితే ఒప్పుకుంటారు. ఫోన్ల కంటే హాల్లో టీవీ మీద ఆడనివ్వండి. అపరిచితులతో మాటలు, చాటింగ్ ఆపేసి ఉంచండి. ఫోన్‌లో కొనుగోళ్లకు తాళం వేయండి. గంటకోసారి లేచి నీళ్లు తాగి, దూరంగా చూసి రమ్మనండి. పడుకోవడానికి గంట ముందు ఆట ముగియాలి. అన్నిటికీ మించి, మీరూ ఒక కంట్రోలర్ పట్టుకోండి. మీరు ఓడిపోయి నవ్వితే, ఓడిపోవడం ఎలాగో పిల్లలు నేర్చుకుంటారు.

ఆపలేకపోవడం, చదువు, తిండి, నిద్ర కంటే ఆటకే ముందుపీట వేయడం, నష్టం తెలిసీ కొనసాగించడం... ఈ మూడూ కలిసి దాదాపు ఏడాదిగా జీవితాన్ని దెబ్బతీస్తుంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గేమింగ్ డిజార్డర్‌గా గుర్తించింది. అంతదాకా ఆగనక్కర్లేదు. బిడ్డ ముభావంగా మారినా, ఆట ఆపమంటే వణికిపోయేంత కోపం వస్తున్నా మానసిక నిపుణులను కలవండి. టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టే ముందు ఆ ఒక్క ఫోన్ చేయండి.